టి.వి.లో బరువు తగ్గే పోటీలు – ట్రైనర్ దృష్టిలో



మన ఓ.పి.కి వచ్చే షుగరు రోగులలో కొందరు సెల్‌ఫోనులో పాత టి.వి. పోటీల వీడియోలు చూసి మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. "సిస్టరమ్మా, వాళ్ళు వారంలో ఆరేడు కిలోలు తగ్గిపోతున్నారు. నేను నెలంతా నడిచినా రెండు కిలోలు తగ్గలేదు. నాలోనే ఏదో లోపం ఉందా?" ఇది చాలామందిని బాధపెట్టే ప్రశ్న కాబట్టి ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఆ పోటీ పేరు 'ది బిగ్గెస్ట్ లూజర్'. అమెరికాలో ఎన్.బి.సి. ఛానెల్‌లో 2004లో మొదలై 2016 వరకు నడిచింది, 2020లో మరో ఛానెల్‌లో ఒక సీజన్ వచ్చింది. మన దేశంలో కూడా సహారా వన్ ఛానెల్‌లో సునీల్ శెట్టి వ్యాఖ్యాతగా హిందీలో వచ్చింది. బాగా లావుగా ఉన్నవారిని ఇల్లు, ఉద్యోగం మాన్పించి ఒకచోట ఉంచుతారు. రోజూ గంటల తరబడి వ్యాయామం, చాలా తక్కువ తిండి. అందరూ చూస్తుండగా పెద్ద కాటా ఎక్కాలి. తక్కువ తగ్గినవారిలో ఒకరిని ఇంటికి పంపేస్తారు. అమెరికా పోటీలో చివరికి గెలిచినవారికి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చేవారు.

మన సంఘ సహోదరుడొకరు టౌనులో జిమ్ ట్రైనర్‌గా పనిచేస్తున్నారు. ఆయన అభిప్రాయం అడిగాము. "అమ్మగారూ, అందులోని ట్రైనర్లకు పని తెలియదని నేను అనను. కాని నా దగ్గరికి వచ్చేవాళ్ళు వారానికి మూడు గంటలు నాతో ఉంటారు. మిగతా 165 గంటలు ఇంట్లో, ఆఫీసులో, పెళ్ళి భోజనాల దగ్గర ఉంటారు. ఆ 165 గంటలకు పనికొచ్చే అలవాటు నేర్పడమే నా పని. టి.వి. వాళ్ళు ఆ గంటలన్నింటినీ గేటు బయట వదిలేశారు" అన్నారు. కొత్తగా వచ్చినవారికి మొదటి నెల ఆయన పరుగు చెప్పరట. నడక, కుర్చీలో కూర్చుని లేవడం, అంతే. "మొదటిరోజే అరిచి పరుగెత్తిస్తే రెండో వారం రారండీ. వస్తే మోకాలు వాచి మీ దగ్గరికే వస్తారు" అని నవ్వారు.

మోకాలు వాస్తే తగ్గుతుంది. మేము భయపడేది వేరే. ఆ పోటీ ఎనిమిదో సీజన్‌లో (2009) మొదటి పందెంగా సముద్రపు ఒడ్డున ఒక మైలు పరుగు పెట్టారు. ఒక స్త్రీ కుప్పకూలిపోతే హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అలవాటు లేని శరీరం మితిమీరి శ్రమిస్తే కండరాలు లోపల చితికిపోయి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీనిని రాబ్డోమయోలైసిస్ అంటారు. కఠినమైన వ్యాయామం తరువాత విపరీతమైన కండరాల నొప్పి, నీరసం, టీ డికాషన్ రంగు మూత్రం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

ఇక వారానికి ఆరేడు కిలోల సంగతి. అదంతా కొవ్వు కాదు. మన కాలేయం, కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది అదే, దానితో నీరూ పోతుంది. అందుకే మొదటి వారం కాటా మురిపిస్తుంది. నీళ్ళు మానేసి కాటాను ఇంకా మోసగించవచ్చు. మొదటి సీజన్ విజేత చివరి తూకం కోసం ఉపవాసముండి, నీళ్ళు మానేసి, మూత్రంలో రక్తం వచ్చేదాకా తెచ్చుకున్నానని తరువాత తానే బహిరంగంగా చెప్పాడు. 2014లో గెలిచిన యువతి 118 కిలోల నుండి 48 కిలోలకు దిగి వేదిక మీదికి వచ్చినప్పుడు, అక్కడున్న ట్రైనర్లు బాబ్ హార్పర్, జిలియన్ మైకేల్స్ ముఖాలలోనే ఆందోళన కనిపించింది. ఈ బాబ్ హార్పర్‌కే 2017లో, 51వ ఏట, జిమ్‌లో గుండెపోటు వచ్చింది. సన్నగా ఉన్నాము కదా అని బి.పి., కొలెస్ట్రాల్ చూపించుకోనివారు మన సంఘాలలో కూడా ఉన్నారు, వారికోసమే ఈ మాట రాశాము.

పోటీ ముగిసి కెమెరాలు వెళ్ళిపోయాక ఏమైంది? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్.ఐ.హెచ్. వైద్య పరిశోధకులు ఎనిమిదో సీజన్‌వారిలో 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోటీలో వారు సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్ళలో సగటున 41 కిలోలు తిరిగి పెరిగారు. ఒక్కరు తప్ప అందరూ ఎంతో కొంత పెరిగినవారే. ఇది వారి బద్ధకం కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరం ఖర్చుచేసే శక్తి, ఆ బరువు, వయస్సు గల మనిషిలో ఉండవలసినదానికంటె రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే దాదాపు ఒక పూట భోజనమంత. కడుపు నిండిందని మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోన్ కూడా మునుపటి స్థాయికి రాలేదు. ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ! శరీరం కరువు వచ్చిందనుకుని పొదుపు మొదలుపెట్టింది, ఆరేళ్ళయినా మానలేదు. తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకున్నవారు, పోటీ తరువాత కూడా రోజూ ఎక్కువగా కదులుతూ ఉన్నవారేనని అదే బృందం తరువాత గమనించింది.

కనుక నెలకు రెండు కిలోలు తగ్గితే దానిని చిన్నచూపు చూడకండి. 80 కిలోల మనిషి నాలుగు నుండి ఎనిమిది కిలోలు తగ్గి నిలుపుకుంటే చాలు, షుగరు, బి.పి. అదుపులోకి రావడం కనిపిస్తుంది. అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచడం, రోజూ అరగంట నడక, వారానికి ఒకసారి మాత్రమే పరగడుపున తూకం చూసుకోవడం – ఇంతకంటె మొదట్లో ఏమీ అక్కరలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు టి.వి. చూసి తిండి మానేసి మందు మాత్రం వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఉపవాస ప్రార్థనలలో ఉండేవారు కూడా ముందుగా డాక్టరు గారిని అడిగి మందు మోతాదు మార్చుకోవాలి.

తగ్గిన బరువు మళ్ళీ పెరిగిందని సిగ్గుపడి, ఓ.పి.కి రావడమే మానేసినవారు కొందరున్నారు. బరువు పెరిగినప్పుడే మందు మోతాదు చూడవలసి వస్తుంది, కాబట్టి అప్పుడే రావాలి. మన దగ్గర కాటా గదిలో తలుపు వేసే తూస్తాము. అంకె మీ కార్డు మీద రాస్తాము, పైకి చదవము.