ఓవెన్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న: ఎంత తక్కువ వేడి దగ్గర నిలుస్తుంది?

మాది సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు. పై వీడియోలో కనిపించేది ల్యాబుల్లో వాడే హాట్ ఎయిర్ ఓవెన్. "అన్నా, విత్తనాలు ఆరబెట్టడానికి ఇది కొనొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

మూడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక ఓవెన్ తెచ్చాను. మా నాయనమ్మ కాలం నుంచి వస్తున్న నాటు మిరప గింజలు అందులో పెట్టి, 40 డిగ్రీలకు తిప్పి పడుకున్నా. తెల్లారి గింజ గలగలలాడుతుంటే సంబరపడ్డా. నారు పోస్తే వందకు పది కూడా మొలవలేదు. తర్వాత థర్మామీటర్ పెట్టి చూస్తే అడుగు ట్రేలో 58 ఉంది! మా చిన్నమ్మ దగ్గర గుప్పెడు గింజలు మిగిలాయి కాబట్టి ఆ రకం బతికింది.

దేనికి ఎంత వేడి?

- విత్తనం: 40 డిగ్రీలు దాటొద్దు. తడి ఎక్కువుంటే 35 లోపే.
- పోషకాల పరీక్షకు పంపే ఆకులు: కాగితం కవర్లో పెట్టి 65-70.
- మట్టి: ఓవెన్ వద్దు, నీడలోనే. వేడికి పొటాష్ లాంటి వాటి లెక్క మారిపోతుంది.
- మిరప గింజలో తేమ శాతం చూడాలంటే: 103 డిగ్రీల్లో 17 గంటలు. ఆ గింజ ఇక మొలవదు, పరీక్షకు సరిపడా కొంచెమే పెట్టాలి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

అమ్మేవాళ్లు "250 దాకా పోతుంది" అంటారు. మనకు అది ముఖ్యం కాదు. ఓవెన్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు. మామూలు ఓవెన్ గది వేడి కంటే 5-10 డిగ్రీలు పైనే నిలకడగా ఉంటుంది. మే నెలలో మన రేకుల షెడ్డులోనే 42 ఉంటే, 40 దగ్గర ఎట్లా నిలుస్తుంది?

ఫ్యాన్ ఉంటే వేడి అన్ని ట్రేలకూ సమంగా అందుతుంది, కానీ పొడులు ఎగిరిపోతాయి. వాక్యూమ్ ఓవెన్ తక్కువ వేడిలోనే ఆరబెడుతుంది, కానీ పంపుతో కలిపి ఖర్చు ఎక్కువ. వేడి హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే కటాఫ్ తప్పనిసరి. డబ్బు కట్టేముందు పై ట్రేలో, కింది ట్రేలో థర్మామీటర్లు పెట్టించి గంటసేపు చూడండి.

ఇప్పుడు నేనేం చేస్తున్నా?

గింజల్ని రెండు రోజులు నీడలో ఆరనిస్తా. తర్వాత గాలి చొరని డబ్బాలో, గింజ ఎంత బరువో అంత సిలికా జెల్ గుడ్డలో మూటగట్టి పెడతా. జెల్ తేమ పీల్చి రంగు మారితే, దాన్ని తీసి ఓవెన్‌లో 110-120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడతా. అంటే ఓవెన్‌లోకి పోయేది జెల్, విత్తనం కాదు.

ఏ పద్ధతైనా సరే, ముందు వంద గింజలకే చేసి తడి గుడ్డలో మొలక చూడండి. ఇంట్లో ఉన్న విత్తనమంతా ఒకేసారి పెట్టకండి. మన గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లనూ ఒకసారి అడగండి. యంత్రం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, నాయనమ్మ విత్తనం పోతే ఏ కొట్లోనూ దొరకదు.