చీలిక లోయలు – గురుత్వాకర్షణ సాక్ష్యం

పుచ్చకాయ కొనేవాడు రెండు పనులు చేస్తాడు. చేతిలోకి తీసుకొని బరువు చూస్తాడు. ఆపైన వేలితో తట్టి చప్పుడు వింటాడు. కోయకుండా లోపలి సంగతి తెలుసుకోవాలంటే మరి దారేది? భూభౌతిక శాస్త్రజ్ఞుడూ భూమిని ఇలాగే పరీక్షిస్తాడు. బరువు చూడడం గురుత్వమాపనం. తట్టి వినడం భూకంప తరంగాల పరిశీలన. ఒక్క బరువు చూసే తీర్పు చెప్పేస్తే ఏమవుతుందో చీలిక లోయల చరిత్ర చెబుతుంది. మన విద్యార్థులు తెలుసుకోదగినదని ఆ కథ ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలత సంగతి. గురుత్వ త్వరణం 9.8 అని అందరం బట్టీపట్టిందే. కాని ఆ అంకె అన్నిచోట్లా ఒక్కటి కాదు. క్రింద సాంద్రమైన శిల ఉంటే కాస్త ఎక్కువ, తేలికైన శిల ఉంటే కాస్త తక్కువ. ఈ తేడాలను మిల్లీగాల్‌లలో కొలుస్తారు. 'గాల్' అన్నది గెలీలియో పేరు మీద వచ్చింది. ఒక మిల్లీగాల్ అంటే మొత్తం ఆకర్షణలో సుమారు పది లక్షల వంతు. 60 కిలోల మనిషి బరువులో 60 మిల్లీగ్రాములు – రెండు మూడు బియ్యపు గింజలన్నమాట! మంచి గ్రావిమీటరు అందులో నూరో వంతునూ పసిగడుతుంది. అయితే ఒక్క మీటరు పైకెక్కినా 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది. కనుక ఎత్తు, అక్షాంశం, చుట్టూ ఉన్న కొండల ప్రభావాలను లెక్కగట్టి తీసివేయాలి. మిగిలిన తేడానే 'అసంగతి' అంటాం.

ఖండం సాగి చీలితే మధ్యభాగం కుంగి లోయ అవుతుంది. ఆ లోయలో తేలికైన అవక్షేపాలు నిండుతాయి. వాటి సాంద్రత చుట్టుపక్కల రాతికంటే ఘన సెంటీమీటరుకు 0.25 గ్రాములు తక్కువైతే, ప్రతి కిలోమీటరు మందానికీ ఆకర్షణ సుమారు 10 మిల్లీగాల్‌లు తగ్గుతుంది. మరోపక్క భూపటలం పలచబడి, సాంద్రమైన ప్రావారం పైకి వస్తుంది. దాంతో ఆకర్షణ పెరుగుతుంది. ఆ ప్రావారం బాగా వేడిగా ఉంటే వ్యాకోచించి తేలికవుతుంది, మళ్ళీ తగ్గుదల! యంత్రం చూపేది మాత్రం ఈ మూడింటి మొత్తాన్నే.

తూర్పు ఆఫ్రికా చీలిక లోయలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు బుల్లర్డ్ లోలకాలతో ఈ కొలతలు తీసి, 1936లో ఫలితాలు ప్రచురించాడు. లోయ మీద ఆకర్షణ తక్కువని తేలింది. తేలికైన భాగం నీటిలో బెండులా పైకి లేవాలి కదా, లేవకుండా ఏదో అదిమిపెట్టి ఉండాలి అని ఆయన తర్కం. ఇరుపక్కల నుంచీ ఒత్తిడి కలిగి, అంచులు మధ్యభాగాన్ని తొక్కిపట్టాయన్నాడు. 1950లో డచ్చి శాస్త్రజ్ఞుడు వెనింగ్ మైనెజ్, లాగుడు వల్లనైనా అలాంటి లోయ ఏర్పడగలదని లెక్కకట్టి చూపాడు. తర్వాత భూకంపాల తీరు లాగుడునే బలపరిచింది. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో చూస్తే, లోయకు ఇరువైపులా నేల ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున దూరమవుతోంది. కొలత తప్పు కాదు. ఒకే కొలతకు రెండు కథలు సరిపోయాయి, అంతే!

మరి గురుత్వమాపనం వల్ల లాభమేమిటంటారా? చాలా ఉంది. నవారు మంచం మీద బరువు పెడితే అక్కడే గుంట పడుతుంది. బల్ల మీద పెడితే బల్లంతా కాస్త వంగుతుంది. శిలావరణమూ అంతే. కొండల బరువుకు, లోయల కొరతకు అది ఎంత దూరం వంగిందో అసంగతుల వెడల్పు చెబుతుంది. దాన్నిబట్టి ఆ పలక ఎంత గట్టిదో అంచనా వేస్తాం.

ఇదేదో పరాయి దేశపు గొడవ అనుకోకండి. మన సింగరేణి బొగ్గు పుట్టిన గోదావరి లోయ కూడా పాత చీలికే. దాని గురుత్వ అసంగతులపై కురేషీ, ఆయన సహచరులు 1968లోనే పరిశోధనాపత్రం ప్రచురించారు. మరుసటి ఏడాది, 1969 ఏప్రిల్ 13న, అదే లోయలో భద్రాచలం దగ్గర 5.7 పరిమాణంతో భూకంపం వచ్చింది. పాత గాయమైనా ఒత్తిడి పడితే సలుపుతుందన్నమాట. బొగ్గు ఎంత లోతున ఉందో, ఏ భ్రంశం ఎటు పోతోందో తెలియడం మనకు బతుకుతెరువూ, భద్రతా కూడా.

అందుచేత మిత్రులారా! ప్రాక్టికల్ రికార్డులో గీసిన వక్రరేఖ కొలతలతో కలిసిందని సంబరపడి ఊరుకోకండి. ఇంకో నమూనా కూడా కలుస్తుందేమో గీసి చూడండి. రెండూ కలిస్తే ఏది నిజమో తేల్చడానికి బోరు రంధ్రాన్ని అడగండి, భూకంప తరంగాన్ని అడగండి. బరువు ఎంత తగ్గిందో గ్రావిమీటరు చెబుతుంది. ఎందుకు తగ్గిందో మనమే వెతకాలి.