తన భాషకు అండ, పొరుగు భాషకు ఎండ

1978 ఏప్రిల్ 14న సోవియట్ జార్జియా రాజధాని తిబిలిసి వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది విద్యార్థులే. కొత్త రాజ్యాంగ ముసాయిదాలోంచి జార్జియన్‌ను రాజభాషగా గుర్తించే నిబంధన ఎగిరిపోయింది. దాన్ని తిరిగి పెట్టాలన్నదే వాళ్ల డిమాండు. ఆ రోజుల్లో సోవియట్ నగరంలో ఊరేగింపు తీయడమంటే ప్రాణం అరచేత పట్టుకోవడమే. పైగా 1956లో ఇదే నగరంలో సైన్యం కాల్పులు జరిపిన సంగతి అందరికీ గుర్తుంది. చివరికి అక్కడి పార్టీ పెద్ద షెవర్నాద్జే మాస్కోతో మాట్లాడి, నిబంధన ఉంటుందని జనానికి చెప్పారు. పొరుగున ఉన్న ఆర్మేనియా, అజర్‌బైజాన్ భాషలకు కూడా ఆ దెబ్బతో హోదా మిగిలింది. జార్జియన్లు నేటికీ ఏప్రిల్ 14ను భాషా దినంగా జరుపుకుంటారు.

పదమూడేళ్ల తర్వాత ఆ దేశానికి మొదటి అధ్యక్షుడైన జ్వియాద్ గంసఖుర్దియా ఆ రోజు ఊరేగింపులో లేరు. ఏడాదిగా జైల్లో ఉన్నారు.

పై తరగతులకు సోవియట్ పతనం చెప్పేటప్పుడు మనం గోర్బచేవ్ దగ్గర మొదలుపెట్టి, పదిహేను దేశాలు విడిపోయాయని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. గంట కూడా అప్పటికే కొట్టేస్తారు. ఆ పదిహేనింటిలో జార్జియా కథ మన బడుల టీచర్లు, తల్లిదండ్రులు తెలుసుకోదగ్గదని మాకు అనిపిస్తుంది. అది మొదటి నుంచి చివరి దాకా భాష చుట్టూ, బడి చుట్టూ తిరిగిన కథ.

గంసఖుర్దియా 1939లో పుట్టారు. తండ్రి కాన్‌స్టాంటిన్ జార్జియన్ భాషలో పేరుమోసిన నవలాకారుడు. ఇల్లంతా పుస్తకాలే. వాళ్ల లిపికి 33 అక్షరాలు, అన్నీ గుండ్రంగా ఉంటాయి. తెలియనివారికి చూపిస్తే మన లిపికి చుట్టమేమో అనుకుంటారు, కానీ ఏ సంబంధమూ లేదు. బడిలో చదివేటప్పుడే నేస్తం మెరాబ్ కోస్తావాతో కలిసి రహస్య సంఘం పెట్టి, కరపత్రాలు పంచి అరెస్టయ్యారు. తర్వాత ఆంగ్ల సాహిత్యాన్ని జార్జియన్‌లోకి అనువదించారు, ప్రాచీన మహాకవి రుస్తావేలి మీద పరిశోధన చేశారు. 1970ల్లో మానవ హక్కుల సంఘాలు నడిపారు. 1977 ఏప్రిల్‌లో ఇద్దరు మిత్రులనూ పట్టుకెళ్లారు.

1978 మేలో విచారణ జరిగింది. ఆ సమయంలోనే గంసఖుర్దియా తన తప్పు ఒప్పుకుంటున్నట్టు టీవీలో చెప్పారు. కోస్తావా ఒప్పుకోలేదు. ఆయన 1987 దాకా జైళ్లలో, ప్రవాసంలో గడిపారు. గంసఖుర్దియాను పక్కనే ఉన్న దాగిస్తాన్‌కు పంపి, మరుసటి ఏడాదే క్షమాభిక్ష ఇచ్చారు. ఆ టీవీ మాటలను శత్రువులు ఆయన బతికినంత కాలం గుర్తుచేస్తూనే వచ్చారు. ఆ చెరలో మనం ఉంటే ఏం చేసేవాళ్లమో ఎవరికి తెలుసు? ఆయనను ఆ ఒక్క రోజుతో కొలవడం మాకు సబబనిపించదు. కొలవాల్సింది అధికారం చేతికొచ్చాక ఏం చేశారన్నదాన్ని బట్టి.

1989 ఏప్రిల్ 9న తిబిలిసిలో స్వాతంత్ర్యం కోరుతూ కూర్చున్నవారి మీద సోవియట్ సైన్యం విరుచుకుపడింది. సుమారు ఇరవై మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ తెల్లవారుజాముతో కమ్యూనిస్టు పార్టీ అక్కడ పరువు పోగొట్టుకుంది. ఉద్యమ నాయకులు ప్రజల మనసుల్లో దేవుళ్లయ్యారు. అదే అక్టోబరులో కోస్తావా కారు ప్రమాదంలో పోయారు. గంసఖుర్దియా ఒంటరిగా ముందువరుసలో మిగిలారు.

ఇక్కడ జార్జియాలోని మిగతా భాషలవారి గురించి చెప్పాలి. 1989 నాటికి ఆ దేశంలో పదిమందిలో ముగ్గురు జార్జియన్లు కారు. ఉత్తర కొండల కింద ఒసేషియన్లు, నల్లసముద్రం ఒడ్డున అబ్ఖాజులు, దక్షిణాన ఆర్మేనియన్లు, అజర్‌బైజానీలు ఉన్నారు. స్టాలిన్ కాలంలో అబ్ఖాజు బడులను 1945-46లో జార్జియన్ మీడియంగా మార్చేశారు. దక్షిణ ఒసేషియాలో 1938 నుంచి 1954 దాకా ఒసేషియన్ భాషను జార్జియన్ అక్షరాల్లోనే రాయించారు. కొండ అవతల అదే భాషకు రష్యన్ లిపి! తాత ఒక లిపిలో రాస్తే మనవడికి చదవరాని స్థితి. కాబట్టి 1989 ఆగస్టులో జార్జియన్ వాడకాన్ని పెంచే ప్రభుత్వ కార్యక్రమం వచ్చినప్పుడు వాళ్లకు పాత గాయం సలిపింది.

రాష్ట్ర భాష నేర్చుకోమనడంలో అన్యాయం ఉందని మేము అనం. బళ్లారిలో మన పిల్లలు కన్నడం, హోసూరులో తమిళం చక్కగా నేర్చుకుంటున్నారు. నేర్చుకోమనడం వేరు, నీది వదులుకోమనడం వేరు. ఒసేషియన్లకు రెండోదే వినిపించింది. వాళ్లు తమ ప్రాంతంలో తమ భాషకు అధికార హోదా ప్రకటించుకుని, ఎక్కువ స్వయంప్రతిపత్తి అడిగారు. జవాబుగా నవంబరు 23న గంసఖుర్దియా, ఆయన సహచరులు వేలాది మందిని బస్సుల్లో వాళ్ల పట్టణం స్కిన్వలి మీదికి తీసుకెళ్లారు. ఊరి పొలిమేరలో ఒసేషియన్లు అడ్డం నిలబడ్డారు.

ఒసేషియన్ల అసలు ఊరు కొండ అవతల ఉందని, ఇక్కడ వాళ్లు వలస వచ్చినవాళ్లని ఆయన పదేపదే అనేవారు. తరతరాలుగా ఉన్నచోటే 'మీ ఊరేది?' అని అడిగించుకునే మనకు ఆ మాట బరువు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1990 అక్టోబరు ఎన్నికల్లో ఆయన కూటమి గెలిచింది. డిసెంబరులో కొత్త శాసనసభ దక్షిణ ఒసేషియా స్వయంప్రతిపత్తినే రద్దు చేసింది. జనవరికి యుద్ధం. 1992 జూన్‌లో కాల్పుల విరమణ కుదిరేలోపు దాదాపు వెయ్యి మంది పోయారు, వేల కుటుంబాలు ఇళ్లు వదిలాయి. మాస్కో నిప్పు ఎగదోసిన మాట నిజమే. కానీ ఎండుగడ్డి తిబిలిసిలోనే పేర్చారు.

ఇదే మనిషి అబ్ఖాజియా దగ్గర మరోలా నడిచారు. 1991లో అక్కడి సభలోని 65 స్థానాల్లో అబ్ఖాజులకు 28, జార్జియన్లకు 26, మిగతావారికి 11 ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అబ్ఖాజులు అక్కడి జనాభాలో ఐదోవంతు కూడా లేరు. అయినా ఒప్పుకున్నారు. ఆయన పదవిలో ఉన్నంతకాలం అక్కడ యుద్ధం రాలేదు. ఆ ఓర్పు స్కిన్వలి దగ్గర ఎందుకు లేకపోయిందో ఆలోచించే కొద్దీ మనసు చివుక్కుమంటుంది.

మిగతాది త్వరగా జరిగిపోయింది. 1991 ఏప్రిల్ 9న స్వాతంత్ర్య ప్రకటన. మే 26న 87 శాతం దాకా ఓట్లతో అధ్యక్ష పదవి. విమర్శించినవారినల్లా మాస్కో ఏజెంట్లన్నారు. ప్రధాని తప్పుకున్నారు, సొంత జాతీయ రక్షక దళమే తిరగబడింది. డిసెంబరు 22 నుంచి రెండు వారాలు నగరం నడిబొడ్డున తుపాకులు పేలాయి. 1992 జనవరి 6న ఆయన పారిపోయి, కొన్నాళ్లకు చెచెన్యాలోని గ్రోజ్నీలో తలదాచుకున్నారు. ఖాళీ అయిన కుర్చీ దగ్గరికి మార్చిలో ఎవరొచ్చారో తెలుసా? ఆ షెవర్నాద్జేనే! 1993లో గంసఖుర్దియా తిరిగివచ్చి పశ్చిమ జార్జియాలో పోరాడి ఓడారు. డిసెంబరు 31న ఒక పల్లెలో తుపాకి గుండుకు చనిపోయారు. ఆత్మహత్యా, హత్యా అన్న వాదన ఇంకా తెగలేదు. గ్రోజ్నీలో పూడ్చిన అస్థికలను 2007లో తెచ్చి తిబిలిసి కొండ మీద మహనీయుల శ్మశానంలో ఉంచారు. కోస్తావా సమాధి కూడా అక్కడే ఉంది.

అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియా ఇప్పుడు తిబిలిసి చేతిలో లేవు. అబ్ఖాజియాలో గాలి అనే జిల్లా ఉంది. అక్కడ ఉండేది ఎక్కువగా జార్జియన్లే. 2015 నుంచి వాళ్ల బడుల్లో చిన్న తరగతులను జార్జియన్ మీడియం నుంచి రష్యన్‌కు మార్చడం మొదలుపెట్టారు. రెండేళ్లకు దక్షిణ ఒసేషియాలోని జార్జియన్ బడులకూ అదే గతి పట్టింది. 1978లో ఏ అక్షరాల కోసం వీధికెక్కారో, ఆ అక్షరాలను అక్కడి పిల్లలు ఇప్పుడు ఒక సబ్జెక్టుగా నేర్చుకుంటున్నారు.