పుట్టిన ఊరు ఏదని రాయాలి?

2025 జనవరి 21 పొద్దున్న. సంక్రాంతి అరిసెల డబ్బా ఇంకా ఖాళీ అవలేదు. డల్లాస్ నుంచి మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క, వీడియో కాల్ చేసింది. తనకి అప్పటికి ఏడో నెల దాటింది. ముందురోజే గద్దెనెక్కిన ట్రంప్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టాడట. 30 రోజుల తర్వాత అమెరికాలో పుట్టే పిల్లల్లో కొందరికి పుట్టుకతో పౌరసత్వం ఉండదు. తల్లి అక్రమంగా అక్కడుండి, తండ్రికి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే ఆ బిడ్డకి రాదు. తల్లి సక్రమంగానే ఉన్నా, తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పరిస్థితీ అలాంటిదే అయితే అప్పుడూ రాదు. అక్కా బావా ఇద్దరిదీ హెచ్-1బి వీసా. డెలివరీ మార్చిలో.

"ఏట్రా ఇది? మనోళ్ళు దొంగతనంగా వెళ్ళలేదు కదా?" అన్నాడు పెదనాన్న. ఆయన బెల్లం మార్కెట్లో గుమస్తా. ఇంజనీరింగ్ చదివేవాడికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం. (నా బ్యాక్‌లాగ్స్ సంగతి ఆయనకి తెలీదు.) ఆయనకి సమాధానం చెప్పడం కోసమే ఇదంతా చదవడం మొదలుపెట్టా.

నల్లజాతివాళ్ళు అమెరికా పౌరులు కాలేరని 1857లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతర్యుద్ధం అయ్యాక ఆ తీర్పుని చెరిపెయ్యడానికి 1868లో 14వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవాళ్ళంతా పౌరులే అని దాని సారాంశం. ఇప్పటి గొడవంతా ఆ 'అధికార పరిధి' అన్న మాట మీదే. వాంగ్ కిమ్ ఆర్క్ అనే కుర్రాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, తల్లిదండ్రులు చైనావాళ్ళు. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. అతను పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. అతని తల్లిదండ్రులు అక్కడ సక్రమంగా స్థిరపడ్డవాళ్ళు కాబట్టి ఆ తీర్పు అక్రమంగా వచ్చినవాళ్ళకీ, తాత్కాలికంగా ఉండేవాళ్ళకీ వర్తించదని ఆర్డర్‌ని సమర్థించేవాళ్ళ వాదన. నాకైతే అది నిలిచేలా అనిపించలేదు. పోలీసులు పట్టుకుని జైల్లో పెట్టగలిగితే ఆ మనిషి వాళ్ళ చట్టం పరిధిలో ఉన్నట్టే కదా!

సియాటిల్‌లో ఒక జడ్జి మూడో రోజే ఆర్డర్‌ని ఆపేశారు. ఒక్క జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఆపకూడదని జూన్‌లో సుప్రీంకోర్టు అంది. జులైలో న్యూహాంప్‌షైర్ కోర్టు పిల్లలందర్నీ ఒక వర్గంగా తీసుకుని మళ్ళీ ఆపింది. డిసెంబర్‌లో అసలు ప్రశ్ననే సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది. 2026 సంక్రాంతికి నేనిది రాస్తున్నప్పటికి తీర్పు రాలేదు.

"మన దేశమే నయంరా, ఇక్కడ పుడితే చాలు" అన్నాడు పెదనాన్న. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తప్పు. 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళకే, దాదాపు ఏ షరతూ లేకుండా, పుట్టుక చాలు. ఆ తర్వాత 2004 డిసెంబర్ 3 లోపు పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. అప్పట్నుంచీ అయితే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవాళ్ళు అక్రమ వలసదారు కాకూడదు. ఈ మార్పుల వెనక అస్సాం ఆందోళన, బంగ్లాదేశ్ వలసల భయం ఉన్నాయి. మా ఇంట్లోనే చూడండి. 1946లో పుట్టిన మామ్మది నేరుగా రాజ్యాంగం ఇచ్చిన పౌరసత్వం. పెదనాన్నది పుట్టుక చాలు అన్న రూలు, 1994లో పుట్టిన అక్కది ఇంకో రూలు, 2005లో పుట్టిన నాది మరో రూలు. ఒకే గుమ్మం లోపల నాలుగు లెక్కలు! అమెరికా ఇప్పుడు చెయ్యాలనుకుంటున్నది మనం ఎప్పుడో చేసేశాం.

సరే, డబ్బు సంగతి. అక్రమంగా వచ్చినవాళ్ళు ఊరికే తినేస్తారని ఒక మాట ఉంది. అమెరికాలో కాగితాల్లేని వలసదారులు 2022లో కట్టిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని ఐటీఈపీ అనే సంస్థ అంచనా. అందులో సోషల్ సెక్యూరిటీకి కట్టింది కూడా ఉంది, కానీ ఆ పెన్షన్ వాళ్ళకి రాదు. అలాగని నష్టమే లేదంటే అబద్ధం. వలసల మీద 2016లో నేషనల్ అకాడమీస్ వేసిన రిపోర్టు ప్రకారం మొత్తం జీతాల మీద దీర్ఘకాలంలో ప్రభావం చాలా తక్కువ. దెబ్బ తగిలేది ముందొచ్చిన వలసదారులకీ, హైస్కూల్ కూడా పూర్తిచెయ్యని స్థానికులకీ. పిల్లల చదువుల ఖర్చు రాష్ట్రాల మీద పడుతుంది. ఆ పిల్లలే పెద్దయ్యాక అందరికన్నా బాగా పన్నులు కడతారట.

అచ్యుతాపురం సెజ్ వైపు వెళ్తే ఇదే మాట తెలుగులో వినపడుతుంది: "ఒడిశావోళ్ళూ బీహారోళ్ళూ వచ్చి కూలి రేటు పడగొట్టేసారు." వాళ్ళు మన దేశస్థులే, అక్రమం ఏమీ లేదు. అయినా కోపం అదే.

ఇంకా వెనక్కెళ్తే ఆ బీహారోళ్ళ స్థానంలో మనమే ఉన్నాం. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగం మందికి పైగా భారతీయులే. 1930 మేలో రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తేలగానే బర్మావాళ్ళని పొమ్మని మనవాళ్ళని తీసుకున్నారు. దాంతో అల్లర్లు రేగి చాలామంది కోరంగీలు చచ్చిపోయారు. లాభపడింది తక్కువకి పని చేయించుకున్న కంపెనీలు, కొట్టుకుంది కూలోళ్ళు. 1942లో జపాన్ దాడితో లక్షలమంది భారతీయులు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. 1964 తర్వాత ఇంకో విడత. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ పేరు అలా వచ్చిందే. బర్మాలో మిగిలినవాళ్ళ పిల్లల్ని 1982 చట్టం పూర్తి పౌరులుగా ఒప్పుకోలేదు. 1823కి ముందు నుంచీ ఉన్న వంశమేనా అని అడిగింది.

ఇది చదివి చెప్తుంటే, మంచం మీంచి మామ్మ "మా అన్నయ్య రంగంలోనే పుట్టాడు" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట మాకెవరికీ తెలీదు. నాలుగేళ్ళవాణ్ణి భుజాన వేసుకుని వాళ్ళ నాన్న నడిచొచ్చాడట.

మార్చిలో అక్కకి బాబు పుట్టాడు. కోర్టులు ఆపి ఉంచడంతో వాడికి పాస్‌పోర్టు వచ్చింది. ఆ ఫొటో ఫోన్లో చూపిస్తే మామ్మ కళ్ళద్దాలు సర్దుకుని, "పుట్టిన ఊరు ఏటని రాసారు?" అంది.

"డల్లాస్ ఉన్న రాష్ట్రం, టెక్సాస్."

"మా అన్నయ్యకి బళ్ళో మా అయ్య అనకాపల్లి అని రాయించేసాడు. రంగం అంటే ఏ గొడవొస్తాదోనని."