లోహములను పట్టు పాచి

చెరువులలోను, దిగుడుబావులలోను పచ్చగా తేలియాడు పాచిని మనము పనికిరాని దానిగా ఎంచి, తీసి గట్టున పారవేయుదుము. వృక్షశాస్త్రము చదువు విద్యార్థికి ఇది శైవలముల గుంపు అని తెలియును. సూక్ష్మదర్శినిలో స్పైరోగైరా పోగును ఒకసారి చూచినవారు దానిలో మరచుట్లుగా తిరిగిన ఆకుపచ్చని పట్టీలను మరువజాలరు. నీటిలో కరిగియున్న సీసము, రాగి, కాడ్మియము వంటి భారలోహములను పట్టి నిలుపు శక్తి ఈ అల్పజీవికి కలదు. ఆ శక్తి ఎట్టిది? దానిని మనము ఎంతవరకు నమ్మవచ్చును?

లోహముల బెడద

మురుగునీటిలోని సేంద్రియ పదార్థములను సూక్ష్మజీవులు విడగొట్టి, చాలవరకు బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను మార్చివేయును. సీసము అట్టిది కాదు. అది మూలకము. ఏ జీవియు దానిని నశింపజేయజాలదు. నీటిని కాచినను అది పోదు. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు సీసము 0.01 మిల్లీగ్రామును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామును, పాదరసము 0.001 మిల్లీగ్రామును మించరాదు.

ఈ హద్దు ఎంత అవసరమో జపాను దేశపు అనుభవము తెలుపును. తొయామా ప్రాంతమున జింజూ నదికి ఎగువనున్న కమియోకా గనినుండి వెలువడిన కాడ్మియము నదిలో కలిసినది. ఆ నీరు పారిన వరిమళ్లలో చేరినది. బియ్యముద్వారా మనుష్యుల దేహములోనికి పోయినది. ఎముకలు పెళుసెక్కి విరుగు ఆ వ్యాధికి ప్రజలు ఇతాయ్ ఇతాయ్, అనగా నొప్పి నొప్పి, అని పేరు పెట్టిరి. ఇందుకు కారణము కాడ్మియమేనని జపాను ప్రభుత్వము 1968లో అంగీకరించినది.

పాచి లోహమును పట్టు విధము

శైవల కణపు గోడలో సెల్యులోజు, ఇతర బహుశర్కరలు, మాంసకృత్తులు ఉండును. వీనికి కార్బాక్సిల్, ఫాస్ఫేట్, అమైన్ అను పరమాణు సముదాయములు అంటియుండును. నీటిలో కార్బాక్సిల్, ఫాస్ఫేట్ సముదాయములనుండి హైడ్రోజన్ అయాను విడిపోగా అచట ఋణావేశము మిగులును. లోహపు అయానులకు ధనావేశము కలదు. కావున రెండును ఒకదానినొకటి ఆకర్షించును. సాధారణముగా ఆ స్థానములలో కాల్షియము, మెగ్నీషియము అయానులు కూర్చుండియుండును. సీసపు అయాను వచ్చి వానిని లేపి తాను కూర్చుండును.

ఈ పనికి పాచి బ్రతికియుండనక్కరలేదు. ఎండిన పాచిపొడియు కొద్ది నిమిషములలోనే లోహమును పట్టుకొనుట ప్రారంభించును. బ్రతికిన కణము మరికొంత లోహమును నెమ్మదిగా లోపలికి తీసికొని, గంధకముగల చిన్న మాంసకృత్తు గొలుసులతో బంధించును. అయితే లోహము మితిమీరినచో కణమే చచ్చును.

నీటి ఆమ్లత్వము ఇందులో ముఖ్యము. మిక్కిలి పుల్లని నీటిలో హైడ్రోజన్ అయానులే ఆ స్థానములను ఆక్రమించును గనుక లోహమునకు చోటు దొరకదు. ఈ లక్షణమే మనకు ఉపకారము కూడ చేయును. లోహము పట్టిన పాచిని పలుచని ఆమ్లముతో కడిగినచో లోహము విడిపడును. పాచిని మరల వాడవచ్చును.

చేసి చూచినవారు

అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు ఆగ్నేయ భాగమున 1960నుండి క్రొత్త సీసపు గనులు తెరువబడినవి. అచట గనినీటిని మొదట ఒక చెరువులో నిలిపి రేణువులు దిగనిచ్చి, పిమ్మట వంకరటింకరగా త్రవ్విన లోతులేని కాలువలగుండ పారించిరి. ఆ కాలువలలో పెరిగిన పాచి కరిగిన లోహమును పట్టుటయేగాక, సన్నని ఖనిజరేణువులను జల్లెడవలె ఆపినది. క్లోరెల్లా అను ఏకకణ శైవలమును సిలికా జెల్‌లో పొదిగి, గొట్టములలో నింపి, వానిగుండ కలుషిత జలమును పంపు పద్ధతిని 1980 తరువాత అమెరికాలోనే రూపొందించిరి.

మన దేశమున రూర్కీ ఐ.ఐ.టి. పరిశోధకులు 2008లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఒక గ్రాము ఎండు స్పైరోగైరా గరిష్ఠముగా 140 మిల్లీగ్రాముల సీసమును పట్టినది. లీటరునకు 0.1 మిల్లీగ్రాము సీసముగల 1000 లీటర్ల నీటిలో మొత్తము సీసము 100 మిల్లీగ్రాములే. అట్లయిన ఒక్క గ్రాము పాచి చాలునా? చాలదు. ఆ గరిష్ఠ పరిమాణము సీసము దండిగాగల ద్రావణమునకు చెందినది. సీసము అల్పముగాను, కాల్షియము అధికముగాను ఉన్న నీటిలో పాచి పట్టు తగ్గును. అనేక రెట్ల పాచి కావలసివచ్చును.

తరగతిలో ఒక ప్రయోగము

దీనిని చూపుటకు విషలోహములను ముట్టనక్కరలేదు. పోగులవంటి పాచిని బాగుగా కడిగి, ఎండబెట్టి, పొడిచేయుడు. రెండు గాజుగ్లాసులలో మిథిలీన్ బ్లూ కలిపిన లేత నీలపు నీరు సమముగా పోయుడు. ఒకదానిలో అర చెంచా పొడి వేసి అరగంట కలియబెట్టి, సన్నని గుడ్డతో వడగట్టి రెంటిని పోల్చుడు. పాచి వేసిన నీటిలో రంగు చాలవరకు తగ్గును. ఈ రంగు లోహము కాకపోయినను, ధనావేశముగల అయాను గనుక అదే విధముగా పట్టుబడును. రంగు పట్టిన పొడిపై ఉపాధ్యాయుడు పలుచని హైడ్రోక్లోరికామ్లము పోసినచో కొంత రంగు మరల నీటిలోనికి వచ్చును. వడగట్టిన నీటిని మాత్రము ఎవరును త్రాగరాదు.

పట్టినదానిని ఎక్కడ దించవలెను?

రంగు మరల వచ్చుటలోనే అసలు పాఠము ఉన్నది. పాచి లోహమును మాయము చేయదు, మోయును. లోహము పట్టిన పాచిని నీటిలోనే విడిచినచో అది కుళ్లి లోహమును తిరిగి విడుచును. లేదా నత్తలు, చేపలు తినగా ఆహారముద్వారా మనలను చేరును. పశువులకు వేసినను, పొలమునకు ఎరువుగా తోలినను ఫలము అదే. కాల్చినచో సీసము చాలవరకు బూడిదలో మిగులును, కొంత పొగతో పోవును. కావున పాచిని ఎప్పటికప్పుడు తీసి, ఆమ్లముతో కడిగి లోహమును రాబట్టవలెను. కానిచో నీరు ఇంకని గోతులలో భద్రపరచవలెను. ఈ ఏర్పాటు లేని చెరువులో పాచిని పెంచుట నీటిని శుద్ధిచేయుట కాదు, విషమును చోటు మార్చుట మాత్రమే.

ఈ పని ఎచట చేయవలెనో కూడ దీనివలననే తేలును. పటాన్‌చెరు పారిశ్రామికవాడ ప్రక్కన పారు నక్కవాగు మంజీరలో కలియును. కర్మాగారపు గొట్టము చివర నీరు కొద్ది, లోహము చిక్కన. పాచికి పట్టు ఎక్కువ, దానిని తిరిగి తీయుట సులభము. వాగు దాటి నదిలో పడిన తరువాత ఆ లోహమును ఏ పాచియు ఏరి తేజాలదు.