పాలరాతిలో దాగిన నీలిమ

లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు పోయి పార్థెనాన్ దేవాలయ శిల్పముల యెదుట నిలిచినవానికి తోచునది తెల్లదన మొక్కటే. క్రీ.పూ. 447-432 సంవత్సరముల నడుమ ఏథెన్సు శిల్పులు చెక్కిన ఈ పాలరాతి మూర్తులకు ఆ కాలమున రంగులు పూసియుండిరని పండితులు ఏనాటినుండియో నమ్ముచున్నను, ఎండవానలును, ఆ మీదట 1930ల చివర రాగి పనిముట్లతో గోకి చేసిన శుభ్రతయును (దానిని శుభ్రత యనుటకు నాకు నోరాడదు) ఆ రంగులను కంటి కానకుండ చేసినవి. అట్టి రాతిపై నీలపు జాడను పట్టియిచ్చినది ఒక ఎఱ్ఱని దీపమును, కొంచెము మార్చిన కెమెరాయును.

ఆ నీలమునకు ఈజిప్టు నీలమని పేరు. ఇసుకను, సున్నపురాతిని, రాగి ఖనిజమును కొంత క్షారముతో కలిపి, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి కాల్చి, ఆ గడ్డను నూఱి దీనిని చేసెడివారు; బరకగా నూఱిన ముదురుగాను, మెత్తగా నూఱిన లేతగాను ఉండును. సుమారు 5000 ఏండ్ల క్రిందటనే నైలునదీతీరమున ఇది వాడుకలో నుండెను. రసాయనికముగా ఇది కాల్షియం కాపర్ సిలికేటు. దీనిలోని రాగి అయానునకు విచిత్రమైన గుణ మొకటి కలదు: కంటికి కనబడు వెలుతురును మ్రింగి, దానిలో కొంత శక్తిని 910 నానోమీటర్ల పరారుణ కాంతిగా తిరిగి వెలిగ్రక్కును. మన చూపు 700 దాపులనే ఆగిపోవును గనుక ఆ వెలుగు మనకు లేనట్లే. కెమెరాలోని సిలికాన్ ఫలకమునకు మాత్రము అది కనబడును.

అందుచేత పరిశోధకులు గదిని చీకటిచేసి, ఎండ గాని మామూలు బల్బు వెలుతురు గాని చొరనీయక (వానిలోనే పరారుణము పుష్కలముగా నుండును గదా), శిల్పముపై ఎఱ్ఱని ఎల్‌ఈడీ కాంతిని ప్రసరింపజేసి, పరారుణమును తప్ప మఱి దేనిని పోనీయని ఫిల్టరును కెమెరా ముందు పెట్టి చిత్రము తీయుదురు. చిత్రమంతయు నల్లన, ఇసుకరేణువంత రంగు మిగిలిన చోట మాత్రము తెల్లని చుక్క. జొవాన్ని వెర్రి యను శాస్త్రజ్ఞుడు 2009లో ఈ విధముననే పార్థెనాన్ శిల్పములలోని ఐరిస్ దేవత నడికట్టుపై నీలమును కనుగొనెను.

మూలకములను గుర్తించు మఱియొక పద్ధతి యగు ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పటమైనచో రాగి యున్నదని మాత్రమే చెప్పును. అజురైటు నీలములోనను రాగియే గదా. నీలిమందు కర్బన పదార్థ మగుటచే ఆ యంత్రమునకు చిక్కనే చిక్కదు. ఈ దీపకాంతి పద్ధతికి ఆ సందిగ్ధము లేదు గాని, అజురైటు, నీలిమందు వంటి వేఱు నీలములు ఇట్లు వెలుగవు గనుక, చిత్రము నల్లగా వచ్చినంత మాత్రమున అక్కడ నీలమే లేదని తీర్పు చెప్పరాదు.

ఈ పద్ధతితో చేసి 2023లో ప్రకటించిన పరిశీలనలో పార్థెనాన్ మూర్తుల వస్త్రములపై బొమ్మల అల్లికల జాడలు బయటపడినవి. తూర్పు ముఖమున సూర్యదేవుడు హీలియోస్ పైకి లేచుచున్న చోట, చెక్కిన సముద్రపుటలలపై ఆ నీలమే యింకను నిలిచియున్నది.