పల్నాటి కథలో ప్రేమత్రికోణం: మాంచాల ఎంపిక, వెండితెర మెలోడ్రామా

గురజాల, మాచర్లల మధ్య ఉన్న రెంటచింతల నేడు వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. పల్నాటి కథాక్రమంలో ఆ రెండు ఊర్లూ దాయాదుల రాజధానులు. నలగామరాజు పక్షాన నాగమ్మ గురజాలలోనూ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు మాచర్లలోనూ నిలిచారు. ఈ రాజకీయ వైరం నడుమ ఒక ప్రేమత్రికోణం ఉంది. బాలచంద్రుడు, భార్య మాంచాల, వేశ్య శ్యామాంగి అందులోని పాత్రలు. ఆ త్రికోణాన్ని తెలుగు సినిమా ఏ స్థానంలో నిలిపిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ మంజరీద్విపద కావ్యం. అందులో బాలచంద్రుడు శ్యామాంగి మోహంలో పడి, పెళ్లాడిన మాంచాల ముఖమైనా చూడడు. బొంగరాల ఆటలో అతని బొంగరం తగిలి గాయపడిన స్త్రీ ఎత్తిపొడుపుతో యుద్ధవార్త అతనికి తెలుస్తుంది. కదనానికి బయలుదేరేముందు తల్లి ఐతాంబ అతణ్ణి భార్య వద్దకు పంపుతుంది. కథలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇదే. ఇన్నాళ్లూ ఎదురుచూసిన భార్య ఎదుట నిలిచిన భర్త, ఆమె సౌందర్యానికి వశుడై రణాన్ని మరచే స్థితికి వస్తాడు. మాంచాల అతణ్ణి నిలుపుకోవచ్చు. శ్యామాంగిపై గెలుపు అప్పటికే ఆమెకు దక్కింది. అయినా ఆమె యుద్ధాన్ని గుర్తు చేసి పంపివేస్తుంది. సవతిపై అసూయతో నడవవలసిన కథ ఇక్కడ దిక్కు మార్చుకుంటుంది. మాంచాలకు అసలు ప్రత్యర్థి శ్యామాంగి కాదు, కారెంపూడి రణరంగం. దీనిని పాతివ్రత్యంగా మాత్రమే చదివితే ఆమె కోల్పోయినదాని బరువు కనబడదు.

1947లో విడుదలైన ‘పల్నాటి యుద్ధం’ చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్‌.వి. ప్రసాద్ పూర్తి చేశారు. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా అక్కినేని నాగేశ్వరరావు, మాంచాలగా ఎస్‌. వరలక్ష్మి నటించారు. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1966లో వచ్చిన చిత్రంలో భానుమతి నాగమ్మ, ఎన్‌.టి. రామారావు బ్రహ్మనాయుడు, హరనాథ్, జమున యువజంట. రెండింటిలోనూ అగ్రతారలకు దక్కినవి ప్రేమికుల పాత్రలు కావు, రాజనీతిజ్ఞుల పాత్రలు. ‘మాలపిల్ల’ (1938) తీసిన రామబ్రహ్మానికి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు ఆకర్షణీయుడు కావడంలో వింత లేదు. అయితే త్రికోణం అంచుకు జరిగింది.

పోలికకు వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’ (1953) ఉపకరిస్తుంది. అదే అక్కినేని ఇక్కడ పార్వతికీ చంద్రముఖికీ నడుమ నలుగుతాడు. నాయకుడు ఏదీ ఎంచుకోలేకపోవడమే ఆ మెలోడ్రామాకు మూలం. పల్నాటి కథలో ఎంపిక చేసేది స్త్రీ. ఫలితం పురుషుని మరణం.

శ్యామాంగి మాత్రం ఇరువైపులా నష్టపోయింది. బాలచంద్రుడు యుద్ధోన్ముఖుడైన క్షణం నుంచి కథకు ఆమె అవసరం తీరిపోతుంది. దేవదాసు మరణం వైపు సాగినప్పటికీ చంద్రముఖికి సినిమా ఒక అంతరంగాన్ని ఇచ్చింది. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాల్లో వీరవిద్యావంతులు గానం చేసే కథకు కేంద్రం వీరులే. అలిసెట్టి గాలెయ్య గానం ఆధారంగా జీన్ రోఘైర్ 1982లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం మౌఖిక పాఠానికి విద్వల్లోకంలో చోటు కల్పించింది. మౌఖిక, లిఖిత, చలనచిత్ర పాఠాలను పక్కపక్కన ఉంచి శ్యామాంగి ఏ దశలో ఎంత కుదించుకుపోయిందో పరిశీలించవలసిన పని మిగిలే ఉంది.